మహమ్మారి పిమ్మట విద్య – ఉపాధ్యాయుని కర్తవ్యము

2020 మార్చి 25వ తేదీనుండి దేశమంతటను రాకపోకలు స్తంభించినవి. మన కుంఠా నాకాలో మరమగ్గముల మ్రోత ఆగినది. బీడీ కార్ఖానాలు మూతపడినవి. బడులకు తాళములు పడినవి. కొన్ని నెలలకు మగ్గములు మరల కదలినవి గాని, ఒకటవ తరగతి మొదలుకొని బడులు తెరచుటకు ప్రభుత్వము అనుమతించినది 2021 డిసెంబరు మొదటి తేదీనుండియే. 2022 జనవరిలో అవి మరల కొన్నాళ్లు మూతపడినవి.

ఈ తేదీలను తల్లిదండ్రులు ఒక్కసారి తమ బిడ్డ వయస్సుతో కలిపి చూడవలెనని మా కోరిక. 2020 జూనులో ఒకటవ తరగతిలో పేరు వ్రాయించుకొన్న బాలుడు బడిగదిలో అడుగుపెట్టునప్పటికి రెండవ తరగతిలో సగము గడచినది. ఓనమాలు దిద్దవలసిన యేడు వానికి లేనేలేదు. ఆ బాలుడే 2030లో పదవ తరగతి పరీక్ష వ్రాయవలసియున్నాడు.

ఆ దినములలో పాఠము ఫోనులో వచ్చెడిది. మన పేటలో ఫోను తండ్రిది. తండ్రి పనికి పోయినచో ఫోనును పోయెడిది. 2021 నాటి అసర్ నివేదిక ప్రకారము, దేశపు పల్లెలలో బడిపిల్లలున్న ఇండ్లలో 67.6 శాతమునకు స్మార్ట్‌ఫోను ఉండెను. ఉన్న ఇండ్లలోనే నాల్గవవంతుకు పైగా పిల్లల చేతికి అది రాలేదు. చేతికి వచ్చిన పిల్లలును వినిన పాఠమును వల్లించిరే గాని చదువలేదు. బడి తెరచిన పిమ్మట మేము చూచినది ఇదియే: పుటనంతయు గడగడ అప్పగించు పిల్ల, నడుమ పంక్తిపై వ్రేలుంచి చదువుమనగా నోరు మెదపలేదు. గుణింతములో తడబాటు, ఒత్తు వచ్చినచోట మౌనము. ఈ మౌనము ఫోనునకు వినబడదు. ఎదుట కూర్చున్న ఉపాధ్యాయునికే వినబడును.

ఫోను చెడ్డదని మా భావము కాదు. మన షోలాపురము జిల్లాలోనే, మాఢా తాలూకా పరితేవాడి పాఠశాలలో ఉపాధ్యాయులుగా నుండిన శ్రీ రణజిత్‌సింహ డిసలే గారు పాఠ్యపుస్తకములలో క్యూఆర్ సంకేతములు చేర్చి, ఫోనుద్వారా పాఠమును వినుటకును చూచుటకును మార్గము చూపిరి. 2020 డిసెంబరులో వారికి గ్లోబల్ టీచర్ ప్రైజ్ అను పది లక్షల డాలర్ల బహుమానము లభించినది. అందు సగమును తుదిపోటీలో నిలిచిన తక్కిన తొమ్మండుగురికి పంచియిచ్చుట మాకు బహుమానముకంటె గొప్పగా తోచినది. అయినను ఆ సంకేతమును చేర్చినది ఒక ఉపాధ్యాయుడే గాని యంత్రము కాదని మరువరాదు.

మీలో పలువురు నేతపనివారు గనుక మీ పని మాటతోనే చెప్పుదుము. పేక తెగిన లోపము ఒక్కచోటనే కనబడును. పడుగు పోగు తెగి, కట్టక విడిచిన యెడల, ఆ లోపము తువ్వాలు పొడవునా సాగుచునే యుండును. అందుచేతనే మగ్గము ఆపి ముడివేయుదురు. బడిలో మాత్రము మగ్గము ఆపుటకు ఎవరును ఒప్పుకొనరు. ఐదవ తరగతి పాఠములు ఫలానా నెలకు ముగియవలెనని పట్టిక యుండును. బిడ్డకు రెండవ తరగతి పుస్తకమే రాదు. 2024 అసర్ నివేదికలో, ఐదవ తరగతి పల్లెపిల్లలలో రెండవ తరగతి పాఠము చదువగలిగినవారు 48.8 శాతము. వీరే 2020లో ఒకటవ తరగతిలో చేరిన పిల్లలు. మనది పట్టణమైనను స్థితి వేరుగా నున్నదని మేము చెప్పజాలము. ఇంకొక మాట: 2018లో, అనగా మహమ్మారికి ముందే, ఆ లెక్క 50.5 శాతము మాత్రమే. కావున నేరమంతయు వ్యాధిది కాదు. మునుపటి బడియే మరల వచ్చినదని సంతోషించుటకు వీలులేదు.

మూడవ తరగతి ముగియులోపల ప్రతి బిడ్డకు చదువు, వ్రాత, లెక్క రావలెనని కేంద్రప్రభుత్వము 2021 జూలైలో నిపుణ్ భారత్ అను కార్యక్రమము ప్రారంభించినది. మంచిదే. కాని మేము చెప్పుచున్న పిల్లలు ఆ మెట్టు దాటిపోయిరి. వారికొరకు దినమునకు ఒక గంట, తరగతి పేరు విడిచి, వచ్చిన చదువునుబట్టి జట్లుగా కూర్చుండబెట్టి చెప్పుట యుక్తమని మా అభిప్రాయము. పెద్ద తరగతి పిల్లవానిని మూడవ తరగతివాని సరసన కూర్చుండబెట్టినారేమని అప్పుడు కోపింపవలదు.

ఈ పని మాతృభాషలోనే జరుగవలెను. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషలో బోధించు వసతి కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. 2020లో మహారాష్ట్ర శాసనము అన్ని బడులలోను మరాఠీని తప్పనిసరి చేసినది; బజారునకును కచేరీకిని మరాఠీ కావలసినదే, దానిని మేము కాదనము. కాని ఇంటిమాటకే అక్షరము కుదరని బిడ్డపై దేవనాగరి, ఇంగ్లీషు లిపులు ఒకదాని వెనుక ఒకటి పడినచో ఏదియు నిలువదు. ఇంగ్లీషు బడికి మార్చిన బాగుపడునని తలంచువారు మొదట ఒక తెలుగు పుటను బిడ్డచేత చదివించి చూడుడు.

ఆ చదువు వినుటకు తల్లికి అక్షరములు రానక్కరలేదు. బీడీలు చుట్టుచునే వినవచ్చును. బిడ్డ ఎక్కడ ఆగినదో చెవికి తెలియును. ఆగినచోట తిట్టక, ఆ పుటలో ఒక దారపుపోగు ఉంచి, మరునాడు ఆ పుస్తకమును తరగతి ఉపాధ్యాయునకు చూపుమని పంపుడు.