సన్న బియ్యం నెలాఖరు దాకా సరిపోవాలంటే: కిలోల లెక్క, గ్లాసు లెక్క

ఆహార భద్రత కార్డు ఉన్న తెలంగాణ కుటుంబాల కోసం

రేషన్ షాపులో బియ్యం కిలోల్లో ఇస్తారు. ఇంట్లో మనం వండేది గ్లాసుల్లో. ఈ రెండింటికీ పొంతన కుదరకపోతే 25వ తారీఖుకే డబ్బా ఖాళీ అవుతుంది. మీ ఇంటి లెక్క మీరే ఇలా చేసుకోండి.

1. మీకు ఎంత రావాలి?
కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల సన్న బియ్యం. నలుగురుంటే 24 కిలోలు. అంత్యోదయ కార్డుకైతే ఎంతమంది ఉన్నా 35 కిలోలు.

2. మీ గ్లాసు ఎన్ని గ్రాములు?
ఒక్కో ఇంట్లో ఒక్కో గ్లాసు ఉంటుంది. అందుకని పక్కింటివాళ్ల లెక్క మీకు పనికిరాదు.
• కాంటా మీద సరిగ్గా 1 కిలో బియ్యం తూకం వేయించి తెచ్చుకోండి.
• రోజూ వాడే గ్లాసుతో కొలవండి. అంచుకు సమంగా చేత్తో చదును చేయండి.
• 6 గ్లాసులు నిండి ఇంకో పావు గ్లాసు వస్తే, మీ గ్లాసు 160 గ్రాములు.
ఆ అంకె డబ్బా మూత మీద రాసిపెట్టుకోండి. బియ్యం రకం మారితే మళ్లీ కొలవండి. సన్నవీ దొడ్డువీ ఒకే తీరుగా నిండవు.

3. రోజుకు ఎన్ని గ్లాసులు?
24 కిలోలను 30 రోజులకు పంచితే రోజుకు 800 గ్రాములు. 160 గ్రాముల గ్లాసుతో 5 గ్లాసులు.
అదే గ్లాసు గుట్టగా పోస్తే 190 గ్రాముల దాకా పడుతుంది. 5 గ్లాసులకు 950 గ్రాములు. 24 కిలోలు 25 రోజులకే అయిపోతాయి! "గింత గుట్టకు ఏమైతది" అనుకుంటాం గానీ, నెలకు ఐదు రోజుల తిండి అందులోనే పోతుంది.

4. అన్నీ ఒకే బరువు ఉండవు
200 మిల్లీలీటర్ల గ్లాసు అంచుకు సమంగా నింపితే సుమారుగా:
• నీళ్లు – 200 గ్రాములు
• నూనె – 180 నుంచి 185 గ్రాములు
• బియ్యం, కందిపప్పు – 160 నుంచి 170 గ్రాములు
• చక్కెర – 170 గ్రాములు
• గోధుమ పిండి – 100 నుంచి 110 గ్రాములు
అంటే 1 లీటరు నూనె 1 కిలో కాదు, సుమారు 910 గ్రాములే. పిండి గ్లాసు నిండుగా కనిపించినా బరువు తక్కువే.

5. షాపులో జాగ్రత్త
• డబ్బాతోనో బకెట్‌తోనో కొలిచి ఇస్తే ఒప్పుకోవద్దు. కాంటా మీదే తూకం వేయమనండి.
• ముందు కాంటా సున్నా చూపాలి. సంచి బరువు బియ్యం లెక్కలో కలవకూడదు.
• రసీదులో ఉన్న కిలోలు, కాంటా మీది కిలోలు ఒకటేనా చూసుకుని కదలండి.

ఇంటికొచ్చాక అనుమానం వస్తే గ్లాసుతో కొలిచింది అంచనా మాత్రమే. ఇంకో కాంటా మీద తూకం వేయించి, రసీదు దగ్గర పెట్టుకుని 1967కు ఫోన్ చేయండి.

గుర్తుంచుకోండి: షాపులో తూకం, ఇంట్లో చదును గ్లాసు.