కడలి గర్భమున కదన నౌకలు

సముద్రమునకు రత్నాకరమని పేరు. ముత్యములును పగడములును దాని గర్భమున పుట్టుటచే ఆ పేరు సార్థకమే. కాని మానవుడు తన చేతులతో నిర్మించి, తన చేతులతోనే ముంచివైచిన వస్తువులు కూడ ఆ గర్భమున పెక్కు పడియున్నవి. వానిలో యుద్ధనౌకలు ముఖ్యములు. వానిని కన్నులార చూడగోరి స్త్రీపురుషులు పలువురు ఎముకలు కొఱుకు చలినీటిలోనికి దిగుచున్నారు. అట్టి యాత్రలకు పేరుగాంచిన తావులలో స్కాపా ఫ్లో ఒకటి. అచ్చట ఏమున్నదో, అచ్చటికి దిగువారు ఏమేమి నేర్చి దిగవలెనో తెలిసికొందము.

స్కాట్లండు ఉత్తర తీరమునకు ఆవల ఆర్క్నీ దీవులు ఉన్నవి. వానిలో కొన్ని వలయాకారముగా నిలిచి, నడుమనున్న విశాలమైన జలభాగమును కోటగోడలవలె కాచుచున్నవి. ఆ జలభాగమే స్కాపా ఫ్లో. వెలుపల సముద్రము ఎంత ఘోషించినను లోపల ఓడలకు ఆశ్రయము దొరకును. అందుచేత రెండు ప్రపంచ యుద్ధములలోను బ్రిటిషు నౌకాదళము దానిని ప్రధాన స్థావరముగా చేసికొనెను.

1918 నవంబరులో మొదటి ప్రపంచ యుద్ధము ఆగెను. విరామపు షరతులను అనుసరించి జర్మను నౌకాదళములోని 74 నౌకలు స్కాపా ఫ్లోకు తేబడి నిర్బంధములో ఉంచబడెను. వానికి అధిపతి అడ్మిరల్ లుడ్విగ్ ఫాన్ రాయిటర్. నావికులకు ఒడ్డున కాలు మోపుటకు అనుమతి లేదు. నెలలు గడచినవి, సంధి చర్చలు సాగుచునే యుండెను. తమ నౌకలు విజేతల వశమగునేమో యని రాయిటర్ శంకించెను. 1919 జూన్ 21వ తేదీ ఉదయమున కాపలాకాయు బ్రిటిషు యుద్ధనౌకలు అభ్యాసము కొఱకు బయటికి పోయెను. అదే అదనని రాయిటర్ ముందు నిర్ణయించిన సంకేతము నిచ్చెను. నావికులు ఓడల అడుగున నున్న కవాటములను తెఱచిరి. నీరు లోపలికి ఉఱికెను.

ఆ దినముననే స్ట్రోమ్నెస్ పట్టణపు బడిపిల్లలు ఒక చిన్న ఓడలో ఆ నౌకలను చూచుటకై విహారయాత్రకు వచ్చియుండిరి. కొండలవంటి ఓడలు వారి కన్నులయెదుటనే ఒరిగి, తలక్రిందులై, నురుగులు క్రక్కుచు మునిగిపోయినవి. సాయంకాలమునకు 52 నౌకలు అడుగంటెను. ఆ గందరగోళములో తొమ్మిదిమంది జర్మను నావికులు ప్రాణములు కోల్పోయిరి.

తరువాత 1924 మొదలు ఎర్నెస్ట్ కాక్స్ అను పాత ఇనుప వర్తకుడు ఆ నౌకలను పైకెత్తు పనికి పూనుకొనెను. ఓడల రంధ్రములను మూసి, లోపలికి గాలిని బలముగా ఎక్కించి, నీటిని వెడలగొట్టి, వానిని తేల్చెడివారు. హిండెన్‌బర్గ్ అను మహానౌక మొదటి ప్రయత్నమున తేలకపోయినను అతడు విడువక 1930లో దానిని పైకి తెచ్చెను. ఈ విధముగా పెక్కు నౌకలు కరిగి ఇనుమైపోయినవి. నేడు జర్మను నౌకలలో మూడు యుద్ధనౌకలును నాలుగు క్రూయిజరులును మాత్రము అడుగున మిగిలియున్నవి.

ఇప్పుడు ఒక గజ ఈతగాని వెంట మనము కూడ ఊహలో నీటిలోనికి దిగుదము. మొదటి శత్రువు చలి. స్కాపా ఫ్లో నీరు నడివేసవిలో సైతము 13 డిగ్రీల సెంటిగ్రేడునకు అటునిటుగా ఉండును. చలికాలమున ఇంకను తగ్గును. నీరు గాలికంటె సుమారు 25 రెట్లు వేగముగా దేహమునుండి వేడిని లాగికొనును. కావున ఈతగాడు మెడయొద్దను మణికట్లయొద్దను నీరు చొరనీయని డ్రైసూట్ అను ఉడుపు ధరించును. దాని లోపల దళసరి వస్త్రములు తొడిగికొనును. ఆ వస్త్రములలో నిలిచిన గాలియే అతనిని చలినుండి కాపాడును. వీపున గాలిని కుక్కి నింపిన లోహపు సీసా ఉండును. ఆ గాలిని శ్వాసకు తగినట్లు అందించు ఆక్వాలంగ్ అను పరికరమును 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అను వారిద్దఱు సిద్ధపఱచిరి. ఒంటరిగా దిగరాదు, ఇద్దఱిద్దఱు జతగా దిగి, ఒకరినొకరు కనిపెట్టుకొనుచుందురు.

పైన తేలు బోయాకు కట్టిన త్రాడు ఓడవఱకు వ్రేలాడుచుండును. దానిని పట్టి ఈతగాడు దిగును. ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనము చొప్పున ఒత్తిడి పెరుగును. నలుబది మీటర్ల లోతున అతనిపై ఉండు ఒత్తిడి నేలపై ఉన్నదానికి ఐదు రెట్లు. అచ్చట ఒక్కొక్క శ్వాసకు గాలి కూడ ఐదు రెట్లు ఖర్చగును. కాబట్టి అతడు గడియారమును, గాలికొలతను మాటిమాటికి చూచుకొనుచుండవలెను.

పైనుండి వచ్చు వెలుగు ఆకుపచ్చనై, క్రమముగా మసకబాఱును. చేతిదీపము వెలిగింపగా ఎదుట ఒక నల్లని గోడ పొడసూపును. అది కొండ కాదు. సుమారు 175 మీటర్ల పొడవుగల మార్క్‌గ్రాఫ్ అను యుద్ధనౌక. బరువైన ఫిరంగులు పైన ఉండుటచే మునుగునపుడు అది తలక్రిందులైనది. ఒకప్పుడు సముద్రమును చీల్చిన దాని అడుగుభాగమే ఇప్పుడు పైకప్పు. క్రూయిజరులు ప్రక్కకు ఒరిగి పడియున్నవి. త్రుప్పుపట్టిన ఇనుముపై సముద్రజీవులు పువ్వులవలె విచ్చుకొనియున్నవి. మనుష్యుని చంపుటకై చేసిన వస్తువు చేపలకు ఇల్లైనది!

చూచుచున్నకొలది ఇంకను చూడవలెనని మనసు లాగును. అపాయము అచ్చటనే ఉన్నది. ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తమునను కండరములలోను కరిగియుండును. సోడాసీసా మూత తటాలున తీసినచో బుడగలు పొంగుట మీరెఱుగుదురు. ఈతగాడు త్వరపడి పైకి వచ్చినచో అతని దేహములోను అట్లే బుడగలు పుట్టును. దానివలన కీళ్ల నొప్పులు, పక్షవాతము, ఒక్కొకప్పుడు మరణము కూడ సంభవించును. అందుచేత అతడు నిర్ణీతకాలము కాగానే వెనుదిరిగి, నడుమ నడుమ ఆగుచు, మెల్లగా పైకి రావలెను. దిగుటకు ధైర్యము చాలును. మరలుటకు నిగ్రహము కావలెను.

నిగ్రహము అవసరమగు విషయము మఱియొకటి కలదు. ఓడలో ఒక పింగాణి ముక్కయో, ఇత్తడి పిడియో కంటబడినచో గుర్తుగా తీసికొనిపోవలెనని తోచును. ఒక్కొక్కరు ఒక్కొక్కటి తీసికొనినచో కొంతకాలమునకు మిగులునది వట్టి ఇనుము. ఆ ఏడు నౌకలును 2001లో చట్టముచే రక్షింపబడు చారిత్రక కట్టడములుగా ప్రకటింపబడెను. వానిని చూడవచ్చును, చెఱుపరాదు, తీసికొనిపోరాదు.

ఆ జలభాగముననే ఎవ్వరును విహారమునకై దిగరాని తావు కూడ ఉన్నది. 1939 అక్టోబరు 14వ తేదీ రాత్రి జర్మను జలాంతర్గామి యు-47, గుంటర్ ప్రీన్ నాయకత్వమున, ఇరుకు మార్గమున లోనికి జొచ్చి రాయల్ ఓక్ అను బ్రిటిషు యుద్ధనౌకను ముంచెను. ఎనిమిది వందలకు మించిన నావికులు మరణించిరి. అందు నూఱుమందికి పైగా పదునెనిమిదేండ్లు నిండని బాలురు. పై తరగతులు చదువుకొనవలసిన వయస్సువారు! ఆ ఓడ వారికి సమాధి. అనుమతిలేక దానియొద్దకు దిగుటను చట్టము నిషేధించినది. నౌకాదళపు ఈతగాండ్రు మాత్రము ఏటేట దిగి, దానిపై తమ పతాకమును నిలిపి వచ్చుచున్నారు. దాని గంట కిర్క్‌వాల్ పట్టణములోని సెయింట్ మాగ్నస్ దేవాలయమున మృతుల జ్ఞాపకార్థము ఉంచబడినది.

ఆ తావును తెలుపుచు నీటిపై ఒక బోయా తేలుచుండును. లోతునకు దిగు నేర్పు, పరికరములు, ధైర్యము అన్నియు గల గజ ఈతగాండ్ర పడవలు దాని ప్రక్కగా సాగిపోవును. అచ్చట మాత్రము ఎవరును దిగరు. నేర్చిన విద్యను ఎచ్చట వినియోగింపవలెనో తెలిసికొనుట ఎంత ముఖ్యమో, ఎచ్చట వినియోగింపరాదో తెలిసికొనుటయు అంతే ముఖ్యము.