ఉపకేంద్రం లెక్క గ్రామసభలో అడగండి

ప్రశ్న: కరోనా తర్వాత మా ఊరికి ఆరోగ్య ఉపకేంద్రం మంజూరైందన్నారు. గోడలు లేచి పని ఆగిపోయింది. సర్పంచి తనకేమీ తెలియదంటున్నారు. ఎవరిని అడగాలి?
– ఓ పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: సర్పంచి మాట నిజమే కావచ్చమ్మా. 15వ ఆర్థిక సంఘం 2021–26కు స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి రూ.70,051 కోట్లు సిఫారసు చేసింది. సొంత భవనాల్లేని ఉపకేంద్రాలు కట్టడమూ అందులో ఉంది. పని వేరే శాఖ చేయిస్తుంటే లెక్కలు పంచాయతీ దాకా రాకపోవచ్చు. అయినా అడిగే హక్కు ఊరిదే.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం (2018) ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, ఎందుకు ఆగిందని అక్కడ అడగండి. అడిగింది, వాళ్లు చెప్పింది తీర్మానాల పుస్తకంలో రాయించండి. ఇది మాత్రం వదలొద్దు, నోటిమాట రేపటికి నిలవదు. నలుగురు ఆడవాళ్లను వెంట తీసుకెళ్లండి. ఉపకేంద్రం అవసరం ముందుగా తెలిసేది గర్భిణులకూ బాలింతలకూ కదా.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామస్థాయిలో రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి. అప్పటికీ కదలిక లేకపోయినా, నిధులు పక్కదారి పట్టాయని అనుమానమొచ్చినా ఆగొద్దు. కాగితాలన్నీ పట్టుకుని సోమవారం ప్రజావాణిలో నేరుగా కలెక్టరును కలవండి.