ఊరికిని ఇండ్ల వరుసకును గల భేదము

“మీది ఏ ఊరు?” అని ఎవరైన అడిగినచో మీరు వెంటనే ఒక పేరు చెప్పుదురు. “ఊరు అనగానేమి?” అని అడిగినచో మాత్రము ఉత్తరము చెప్పుట అంత సులభము కాదు. నలువది ఇండ్లు ఒకచోట ఉన్నంత మాత్రమున అది ఊరగునా? పట్టణములో ఒక్క మేడయందే నలువది కాపురములు ఉండవచ్చును. దానిని ఎవరును ఊరనరు. ఈ భేదమెక్కడ ఉన్నదో, మనము నివసించు హోసూరు ప్రాంతపు చిన్న పల్లెలను ఉదాహరణముగా గైకొని విచారింతము. తలిదండ్రులును తమ పిల్లలతో కలిసి దీనిని చదువుదురుగాక.

మన సీమ

హోసూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున, బెంగళూరునకు దాదాపు 40 కిలోమీటర్ల దూరమున ఉన్నది. ఉత్తరమునను పడమటను కన్నడ దేశము. తూర్పుదిక్కున కొంత దూరములో ఆంధ్రప్రదేశమునందలి కుప్పము సీమ. తమిళులు తెన్‌పెణ్ణై అనియు మనము దక్షిణ పినాకిని అనియు పిలుచు ఏరు ఈ నేలమీదుగా పారుచున్నది. 1956లో భాషలనుబట్టి రాష్ట్రములు ఏర్పడినపుడు ఈ సీమ మద్రాసు రాష్ట్రముననే నిలిచెను. 1965 వరకు సేలము జిల్లాలోను, 2004 వరకు ధర్మపురి జిల్లాలోను ఉండి, ఆపైన కృష్ణగిరి జిల్లాలో చేరెను. కాగితముమీద జిల్లా పేరు ఇన్నిమార్లు మారినను, పల్లెలలో తెలుగు, కన్నడము, తమిళము ఒకే వీధిలో కాపురముండుట మానలేదు. హోసూరు అను పేరే కన్నడమున ‘కొత్త ఊరు’ అని అర్థమిచ్చును. ఇచటి బాలుడు తన ఇంటి ముసలమ్మను అవ్వ అనును, ఎదురింటి ఆమెను అజ్జి అనును, మూల ఇంటి ఆమెను పాట్టి అనును. ముగ్గురును అతనికి పెద్దవారే. ముగ్గురి మందలింపును అతడు వినవలసినదే.

ఎరుక

చిన్న ఊరి మొదటి లక్షణము ఎరుక. ఎవరి ఇంట పొయ్యి వెలుగలేదో, ఎవరి ఆవు ఈనెనో, ఎవరి పిల్లవాడు బడికి పోక మామిడితోపులో ఉన్నాడో పొద్దెక్కకమునుపే అందరికిని తెలియును. ఇందు మేలును కలదు, బాధయు కలదు. రాత్రివేళ ఒకరికి జ్వరము ముదిరినచో బండి తెచ్చువాడు పిలువకయే వచ్చును. కాని అదే ఎరుక ఒక్కొక్కప్పుడు చాడీగా మారి, ఒక ఆడపిల్ల పై చదువును ఆపగలదు. ఒక కుటుంబమును తలయెత్తనీయక చేయగలదు. కావున “పల్లెలో ప్రేమయే కలదు, పట్టణములో లేదు” అని వ్యాసములలో వ్రాయుట సరికాదు. పల్లెలో ఒకరికొకరు తెలిసియుందురు. ఆ ఎరుకను మేలునకు వాడుటయు కీడునకు వాడుటయు మనుష్యుల చేతిలోనిది.

ఉమ్మడి సొత్తు

రెండవ లక్షణము ఉమ్మడి సొత్తు. దీనికి చెరువుకంటె మంచి ఉదాహరణము లేదు. మిట్టనేలలమీద కురిసిన వాన కాలువలగుండ పల్లమునకు దిగును. దానికడ్డముగా మట్టికట్ట వేసినచో చెరువగును. కట్టలోని తూము తెరచినచో దిగువ ఆయకట్టునకు నీరు పారును. చెరువు నిండిన పిమ్మట మిగులునీరు మరవమీదుగా పొరలి, దిగువనున్న మరియొక చెరువునకు చేరును. ఇట్లు చెరువులు గొలుసువలె ఒకదానితోనొకటి కూడియుండును. తూము తెరచి మూయుటకును, ఏ మడికి ఎంతసేపు నీరు పారవలెనో చూచుటకును నీరుగంటి ఉండెడివాడు. పంట వచ్చినపుడు రైతులు అతనికి ధాన్యము కొలిచెడివారు. కట్టకు గండిపడినచో ఒక్కరి మడి మాత్రమే ఎండదు. కావున ఒకరితోనొకరికి మాటలు లేని వారుకూడ ఆనాడు గంపలు పట్టుకొని వచ్చి, ప్రక్కప్రక్కన నిలిచి మన్ను మోసెడివారు. స్నేహములేనిచోటను కలిసి పనిచేయవలసి వచ్చుట ఊరి గొప్ప పాఠము.

చేను పనియు ఇట్టిదే. మెట్టచేలలో రాగులు చల్లి, నడుమ సాళ్లలో అనపలు వేయుదురు. రాగి కోతకు ఈనాడు నా ఇంటివారు నీ చేనికి, రేపు నీ ఇంటివారు నా చేనికి పోవుట వాడుక. చలికాలములో అనపకాయలు దిగినపుడు గింజలు నానబెట్టి, అరుగుమీద నలుగురు కూర్చుండి ఒక్కొక్క గింజను వ్రేళ్లతో పితికి పప్పు తీయుదురు. ఒక్కరు చేసినచో విసుగు పుట్టు ఈ పని నలుగురు చేసినచో సంభాషణమగును. పితికిపప్పు కూర రాగిసంగటికి ఎంత రుచియో మీకు నేను చెప్పనక్కరలేదు. నేను ఆంధ్రప్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండగా, మన రాగులనే ఉత్తరకోస్తావారు చోళ్లనియు తెలంగాణమువారు తైదలనియు అందురని తెలిసికొంటిని. ఒకే ధాన్యమునకు మూడు పేర్లు, మూడును తెలుగే. కావున మన పల్లెమాట పుస్తకమున కనబడనంత మాత్రమున అది తప్పుమాట యని సిగ్గుపడకుడు.

ఊరు, వాడ

ఇచట ఒక కఠినసత్యమును మరుగుపరచరాదు. “ఊరు వాడ” అని మనము జంటగా పలుకు మాటలో ఒక గీత దాగియున్నది. చెరువు మట్టి మోయుటకు అందరును కావలసివచ్చిరి. మంచినీళ్ల బావివద్దకు మాత్రము అందరును రాగూడదనిరి. భారత రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసెను. 1955లో వచ్చిన చట్టము దానిని పాటించుటను శిక్షింపదగిన నేరముగా చేసెను. గీత చట్టమున చెరిగినను మనసున చెరుగుటకు ఆలస్యమగుచున్నది. కుళాయివద్ద బిందెల వరుసలో మీ ప్రక్కన ఎవరు నిలిచినను జరుగకుండ నిలుచుట మీరు చేయగల పని. కొందరిని బయట నుంచిన ఊరు పూర్ణమైన ఊరు కానేరదు.

మార్పు

1970ల నుండి హోసూరున పరిశ్రమలు పెరిగెను. 2019లో అది నగరపాలక సంస్థ అయ్యెను. దానివలన ఉద్యోగములు, బస్సులు, ఆసుపత్రులు, కళాశాలలు దగ్గరకు వచ్చినవి. మీ తండ్రులలో అనేకులు కర్మాగారముల జీతముతోనే మిమ్ము చదివించుచున్నారు. దానిని నిందించుట కృతఘ్నత. అయినను పోవుచున్నదేమో గుర్తింపవలెను. బోరుబావి వచ్చిన పిమ్మట ఎవరి నీరు వారిది. తూము సంగతి అడుగువారు తగ్గిరి. చేలు ఇండ్లస్థలములుగా విడిపోవునపుడు, వానలేని మాసములలో ఎండియుండు కాలువను పనికిరాని గుంతయని పూడ్చుదురు. ఆపైన పెద్దవాన కురిసినచో చెరువు నిండదు, వీధి నిండును. నీరుగంటి పని పోగానే ఆ మాటయు పోయెను. మీ తరగతిలో ‘మరవ’ అను మాట ఎందరికి తెలియును? పని లేని మాట నోట నిలువదు.

మన భాష యొక్క కష్టము సగము ఇచటనే ఉన్నది. ప్రాథమిక విద్య మాతృభాషయందు బోధించుటకు వసతులు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350ఎ అధికరణము చెప్పుచున్నది. ఆ హక్కును కాపాడుకొనవలసినదే. తమిళమును చక్కగా నేర్వవలసినదే; అది మన పొరుగువారి భాష, రాష్ట్రపు భాష. కాని బడి ఒక్కటియే భాషను బ్రతికింపజాలదు. అరుగుమీదను, చేనిలోను, చెరువుకట్టమీదను పలుకుటకు పని ఉన్నచో తెలుగు నిలుచును.

చేయవలసిన పని

1. మీ ఊరి పటము గీయుడు. చెరువునకు నీరు వచ్చు కాలువను గుర్తించి, అది ఎచ్చట పూడినదో చూపుడు.

2. మీ అవ్వనో తాతనో అడిగి, చేలకును గుట్టలకును గల పేర్లలో పది వ్రాయుడు. వానిని పొరుగు కన్నడ, తమిళ కుటుంబములు ఏమని పిలుచునో ప్రక్కన వ్రాయుడు.

3. మీ వీధికి కొత్తగా వచ్చిన కాపురమొకటి ఉండును. వారి పేరు, వారి భాష తెలిసికొనుడు. వారి ఇంట ఎవరైన జబ్బుపడినచో మీకు తెలియునంత ఎరుక కల్పించుకొనుడు.

మూడవది వ్రాతపని కాదు. దానికి మార్కులు వేయుట నాకు సాధ్యము కాదు. కాని ఇండ్ల వరుస ఊరుగా మారుట ఆ పనితోనే మొదలగును.