హెచ్.ఐ.వి. తాకినను సోకనివారు – వ్యాధిక్షమత్వ విచారణ

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నుండి సలహా కోసం వచ్చే దంపతులలో కొందరు అడిగే ప్రశ్న ఒకటి కలదు. “సామీ, మా ఇంటాయనకు హెచ్.ఐ.వి. ఉందని తేలింది. ఇన్నేండ్లు కాపురం చేసినా నాకు లేదన్నారు. నా ఒంట్లో ఏమన్నా శక్తి ఉందా?” ఈ ప్రశ్నకు తప్పు సమాధానం చెప్పుకొన్నవారికి ప్రాణాపాయం కలుగవచ్చును. కనుక దీనిని శాస్త్రరీత్యా విచారింతము.

వ్యాధిక్షమత్వం అనగా నేమి?

అందరి శరీరాలు వ్యాధిని ఎదిరించుటలో సమానం కావని చరక సంహిత సూత్రస్థానం 28వ అధ్యాయం తెలుపుచున్నది. పుట్టిన వ్యాధి బలాన్ని అణచుట, వ్యాధి పుట్టుకనే అడ్డుకొనుట అని క్షమత్వాన్ని వ్యాఖ్యాత చక్రపాణిదత్తుడు రెండు విధాలుగా వివరించెను. క్షయ క్రిములు శరీరంలో ప్రవేశించినను అధికులు రోగులు కారు. హెచ్.ఐ.వి. అట్టిది కాదు. అది కణాల జన్యువులలోనే చేరిపోవును కనుక, దానిని ద్వారం వద్దనే అడ్డుకొనవలెను.

మన టమాటా రైతులు ఆకుముడత తెగులును ఎరుగుదురు. తెల్లదోమ తెచ్చిన ఈ తెగులు తోటనంతా పట్టినను కొన్ని మొక్కలు పచ్చగా నిలుచును. కొన్నింటికి సహజబలం ఉండవచ్చును. కొన్నింటిపై తెగులు మోసిన దోమ వాలియే ఉండదు. చూపునకు రెండూ ఒక్కటే. మనుష్యుల విషయమూ ఇట్టిదే. ప్రతి కలయికలోను వైరస్ సోకదు. భాగస్వామి రక్తంలో వైరస్ తక్కువగా ఉన్నచో సోకే అవకాశం మరింత తగ్గును. దీనిని తమ శరీరబలమని తలచరాదు.

నిజమైన నిరోధం

కెన్యా రాజధాని నైరోబిలోని పుమ్వానీ ప్రాంతంలో లైంగికవృత్తిలో ఉన్న స్త్రీలను 1980ల మధ్యకాలం నుండి వైద్యులు పరిశీలించిరి. పలుమార్లు వైరస్ తాకినను కొందరికి ఏండ్ల తరబడి సోకలేదు. అట్టివారిలో కొందరి రక్తంలో వైరస్‌ను గుర్తించే టి-కణాలు, జననమార్గ స్రావాలలో ఐ.జి.ఎ. అను ప్రతిరక్షకాలు కనిపించినవి. అనగా శరీరం శత్రువును చూచి గుర్తుంచుకొన్నది. అయితే ఆ స్త్రీలలోనూ కొందరికి తరువాత వ్యాధి సోకెను. వృత్తికి విరామమిచ్చినవారిలో టి-కణాల స్పందన సన్నగిల్లినట్లు తేలినది. కనుక ఈ రక్షణ శాశ్వతం కాదు.

1996లో మరియొక కారణం బయటపడినది. వైరస్ కణంలో చొచ్చుటకు సాధారణంగా సి.సి.ఆర్.5 అను ద్వారం కావలెను. ఆ ద్వారం ఏర్పడనీయని జన్యులోపం తల్లి నుండి, తండ్రి నుండి కూడ సంక్రమించినవారికి హెచ్.ఐ.వి. సోకుట మిక్కిలి అరుదు. ఐరోపా సంతతిలో ఇట్టివారు నూటికి ఒకరు. భారతీయులలో అత్యంత అరుదు.

యుక్తికృత బలం

చరకుడు సహజం, కాలజం, యుక్తికృతం అని బలాన్ని మూడు విధాలుగా చెప్పెను. పై జన్యువు సహజబలం. దానిని కోరి తెచ్చుకొనలేము. యుక్తికృతబలం మన చేతిలోనిది. చెన్నై, పూణె నగరాలతో సహా తొమ్మిది దేశాలలో 1763 జంటలపై జరిగిన అధ్యయన ఫలితం 2011లో వెలువడినది. వ్యాధి సోకినవారు ముందుగానే ఎ.ఆర్.టి. మందులు ఆరంభించినచో భాగస్వామికి సంక్రమించుట 96 శాతం తగ్గినది. మన దేశంలో ఈ మందులు 2004 నుండి ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం. 2017 నుండి సి.డి.4 సంఖ్యతో నిమిత్తం లేకుండ, వ్యాధి ఉన్నదని తేలిన వారందరికీ ఇచ్చుచున్నారు.

ఆచరించవలసినవి

1. వ్యాధి సోకని భాగస్వామి వైద్యులు చెప్పిన గడువులలో పరీక్ష చేయించుకొనుచుండవలెను. ఒకమారు ‘లేదు’ అని వచ్చినచో అది ఎల్లకాలపు అభయం కాదు.

2. వ్యాధి ఉన్నవారు ఎ.ఆర్.టి. మందులను ఒక్కపూటయైనను మానరాదు. నిరోధ్ వాడుట మేలు.

3. నిరోధ్ చినిగినను, సూది గ్రుచ్చుకొన్నను వెంటనే ఆసుపత్రికి పోవలెను. 72 గంటలలోపు ఆరంభించి 28 దినాలు వాడవలసిన మందులు కలవు.

4. తిప్పతీగ, అశ్వగంధ, ఉసిరిక మొదలగు రసాయనాలను నేను వాడించుచుందును. కాని ఏ రసాయనమూ హెచ్.ఐ.వి.ని అడ్డుకొనునని నిరూపితం కాలేదు. వీటిని వాడదలచినవారు ఎ.ఆర్.టి. వైద్యునికి ముందుగా తెలుపవలెను.

5. సందేహాలకు 1097 ఉచిత ఫోను కలదు. వ్యాధి వివరాలను గోప్యంగా ఉంచవలెనని 2017 చట్టం శాసించుచున్నది. కనుక భయపడి పరీక్షను వాయిదా వేయరాదు.