ఆరో ఏడు కూడా ఓడిన కోచ్: ఓపికకి లెక్క ఉందా?

"నిదానమే ప్రధానం" అంటారు మన పెద్దలు. వాళ్ళే మళ్ళీ "ఆలస్యం అమృతం విషం" అంటారు. రెండూ నిజమే అయితే, ఏది ఎప్పుడు పాటించాలి? దీనికి జవాబు వెతకడానికి నేను అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌ని ఎంచుకున్నాను. అక్కడ ఓపికకైనా తొందరకైనా స్కోరుబోర్డే సాక్ష్యం కదా!

ముందు ఆట గురించి రెండు ముక్కలు. ఇది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట, విసిరే ఆట. సీజన్ మొత్తానికి 11, 12 మ్యాచ్‌లే లీగ్ స్థాయిలో ఉంటాయి. బాగా ఆడిన జట్లని సీజన్ చివర "బౌల్" అనే ప్రత్యేక మ్యాచ్‌కి పిలుస్తారు. మ్యాచ్‌లు తక్కువ కాబట్టి ప్రతి ఓటమీ పెద్దగానే కనిపిస్తుంది. పూర్వ విద్యార్థులు, విరాళాలిచ్చేవాళ్ళు, ఊరి జనం అందరూ కోచ్ మీదే పడతారు.

బ్లాక్స్‌బర్గ్‌లో ఏం జరిగింది?

ఎమ్మెస్‌కి అప్లై చేసే మనవాళ్ళకి వర్జీనియా టెక్ పేరు కొత్త కాదు. 1987లో ఆ యూనివర్సిటీ తన పూర్వ విద్యార్థి, ఒకప్పటి ఆటగాడు ఫ్రాంక్ బీమర్‌ని కోచ్‌గా తెచ్చుకుంది. మొదటి ఏడు 2 గెలుపులు, 9 ఓటములు. రెండో ఏడు 3 గెలుపులు, 8 ఓటములు. తర్వాత రెండేళ్ళు కాస్త కుదుటపడి, మళ్ళీ జారింది. ఆరో ఏడు, అంటే 1992లో, 2 గెలుపులు, 8 ఓటములు, ఒక టై. ఆ సీజన్‌లో రట్గర్స్ మీద 49 పాయింట్లు చేసి కూడా ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు. ఆరేళ్ళకి కలిపి 24 గెలుపులు, 40 ఓటములు, 2 టైలు.

మీరైతే ఉంచుతారా? అథ్లెటిక్ డైరెక్టర్ డేవ్ బ్రెయిన్ ఉంచాడు. కానీ ఊరికే ఉంచలేదు. ఆ సీజన్ తర్వాత సహాయ కోచ్‌లలో కొందరు మారారు, డిఫెన్స్ పద్ధతి మారింది. 1993లో 9 గెలుపులు, 3 ఓటములు. ఇండిపెండెన్స్ బౌల్‌లో ఇండియానా మీద 45-20తో గెలిచారు. అక్కడినుంచి 2015లో బీమర్ రిటైరయ్యేదాకా వరసగా 23 సీజన్లు ఆ జట్టు బౌల్ మ్యాచ్ ఆడింది. 1999లో మైకేల్ విక్ క్వార్టర్‌బ్యాక్‌గా లీగ్ మ్యాచ్‌లన్నీ గెలిచి, జాతీయ టైటిల్ మ్యాచ్‌దాకా వెళ్ళి, ఫ్లోరిడా స్టేట్ చేతిలో ఓడింది.

కంట్రోల్ సిస్టమ్స్ కళ్ళతో చూస్తే

హాస్టల్లో పొద్దున్నే వేడినీళ్ళ కుళాయి తిప్పుతాం. పైపులో ఉన్న చన్నీళ్ళు వస్తాయి. ఇంకా తిప్పుతాం. ఇంకొంచెం. ఒక్కసారిగా ఒళ్ళు కాలుతుంది. ఫీడ్‌బ్యాక్‌లో ఆలస్యం ఉన్నప్పుడు గెయిన్ పెంచితే సిస్టమ్ ఊగిసలాడుతుందని క్లాసులో చదివింది ఇదే.

కాలేజీ జట్టులో ఈ ఆలస్యం చాలా పెద్దది. స్కూలు పూర్తి చేసిన కుర్రాణ్ణి ఎంపిక చేస్తే, మొదటి ఏడు చాలామంది మ్యాచ్‌లే ఆడరు. వాళ్ళు రాటుదేలేసరికి మూడు నాలుగేళ్ళు. పైగా బీమర్‌కి ముందున్న కాలంలో జరిగిన నియమాల ఉల్లంఘనకి ఎన్‌సీఏఏ స్కాలర్‌షిప్‌లకి కోత పెట్టింది. అంటే ఆయన పైపులో మొదట్లో వచ్చినవి పాత నీళ్ళే. రెండేళ్ళకోసారి కోచ్‌ని మార్చేవాళ్ళు ఎప్పుడూ పాత నీళ్ళనే కొలుస్తుంటారు.

ఆగండి, రెండో కథ కూడా వినాలి

ఇక్కడితో ఆపేస్తే ఇది వాట్సాప్ ఫార్వర్డ్ అయిపోతుంది. గెలిచాడు కాబట్టే బీమర్ కథ మనదాకా వచ్చింది. నెబ్రాస్కా సంగతి చూడండి. స్కాట్ ఫ్రాస్ట్ కూడా అక్కడి పూర్వ విద్యార్థే, 1997 సీజన్‌లో జాతీయ టైటిల్ గెలిచిన జట్టుకి క్వార్టర్‌బ్యాక్. 2018 నుంచి కోచ్‌గా అతనికీ ఓపిక దొరికింది. 2021లో 9 మ్యాచ్‌లు ఓడితే, అన్నీ పది పాయింట్లలోపు తేడాతోనే. "ఇంకొక్క అడుగే" అనుకున్నారు. సహాయ కోచ్‌లని మార్చారు, ఒప్పందం సవరించారు. 2022 మొదటి మ్యాచ్‌లో 11 పాయింట్ల ఆధిక్యంలో ఉండి, అనవసరమైన ఆన్‌సైడ్ కిక్ కొట్టించి, 3 పాయింట్లతో ఓడిపోయాడు. రెండు వారాల తర్వాత ఇంకో 3 పాయింట్ల ఓటమి. మర్నాడే తీసేశారు. మొత్తం 16 గెలుపులు, 31 ఓటములు. అక్టోబరు 1 దాకా ఆగితే అతనికి చెల్లించాల్సిన 1.5 కోట్ల డాలర్లు సగమయ్యేవి. అయినా ఆగలేదు.

రెండు కథల్లో లక్షణాలు దాదాపు ఒకటే: సొంతవాడు, స్వల్ప తేడా ఓటములు, సహాయకుల మార్పు. తేడా ఎక్కడుంది? మార్పు తర్వాత ఒకచోట పాత తప్పు ఆగింది, ఇంకోచోట అదే తప్పు తిరిగొచ్చింది. ఈ తేడా ముందే తెలియదు. 1992 చివర్లో బ్రెయిన్‌కి కూడా తెలిసే అవకాశం లేదు. అందుకే ఓపిక అంటే నమ్మకం ఒక్కటే కాదు, కొలత కూడా అంటాను.

మనకి పనికొచ్చే మూడు ప్రశ్నలు

మా హాస్టల్ వాలీబాల్ జట్టు వరసగా రెండేళ్ళు మొదటి రౌండులోనే ఇంటికొచ్చింది. కోచింగ్ ఇచ్చే సార్‌ని మార్చమని ఇప్పుడు ఒక లెటర్ తిరుగుతోంది. నన్నూ సంతకం అడిగారు. సంతకానికి ముందు ఈ మూడూ తేల్చుకుందాం అన్నాను:

1. ఓటమికి కారణం పేరు పెట్టి చెప్పగలమా? ఆయన చేతిలో ఉన్నదెంత, లేనిదెంత? సీనియర్లంతా పాసై వెళ్ళిపోతే అది ఆయన తప్పు కాదు.
2. ఏదైనా మారుతోందా? సర్వీసులు నెట్‌లోకి కొట్టడం పోయినేడాది కన్నా తగ్గిందా? స్కోరు కన్నా ముందు మారేది ఇలాంటివే.
3. మళ్ళీ ఎప్పుడు చూస్తాం? తేదీ లేని ఓపిక బద్ధకంతో సమానం. ప్రతి ఓటమికీ మారిపోయే తేదీ ఓపికే కాదు.

మొదటి రెండిటికీ జవాబు "అవును" అయితే, మూడోదానికి ఒక తేదీ పెట్టుకుని, అప్పటిదాకా గట్టిగా వెంట నిలబడాలి. జవాబు "లేదు" అయితే గౌరవంగా, మొహం మీదే చెప్పి మార్చాలి. ఈ ప్రశ్నలు కోచ్‌లకే కాదు, కొత్తగా చేరిన లెక్చరర్‌కీ, ప్రాజెక్టులో తడబడుతున్న టీమ్‌మేట్‌కీ, రెండు బ్యాక్‌లాగ్‌లతో కూర్చున్న మనకీ వర్తిస్తాయి.

లెటర్ ఇంకా తిరుగుతూనే ఉంది. నేను మాత్రం ఈ వారం ప్రాక్టీసుకి వెళ్ళి, నెట్‌కి తగిలే సర్వీసులు లెక్కపెడుతున్నాను.