కొండెక్కే కారుకు జ్వరమెందుకు?

హార్సిలీ కొండల ఘాట్ రోడ్డులో ఎండాకాలం ఈ దృశ్యం మీరు చూసే ఉంటారు. మలుపు పక్కన కారు ఆగి ఉంటుంది. బానెట్ ఎత్తి ఉంటుంది. లోపలినుంచి ఆవిరి బుసకొడుతూ ఉంటుంది. తంబళ్లపల్లె, మదనపల్లె ప్రాంతాల పిల్లలకు ఇది కొత్త కాదు. మైదానంలో బాగా నడిచిన కారు కొండ మీద ఎందుకు మొరాయిస్తుంది?

పెట్రోలు మండితే వచ్చే శక్తిలో సుమారు మూడో వంతే బండిని నడిపే పనికి వస్తుంది. ఇంచుమించు అంతే వేడి పొగగొట్టం గుండా పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఇంజను లోహానికి పడుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు తీసేయకపోతే పిస్టన్లు సిలిండర్లలో బిగుసుకుపోతాయి. ఈ పని నీటిది. పంపు తోసే నీరు సిలిండర్ల చుట్టూ తిరిగి, వేడిని మోసుకొచ్చి, రేడియేటరు సన్నగొట్టాల మధ్య వీచే గాలికి అప్పగిస్తుంది.

కొండెక్కేటప్పుడు ఇంజను ఎక్కువ ఇంధనం మండిస్తుంది. కారు మాత్రం నెమ్మదిగా పోతుంది కనుక ఎదురుగాలి తగ్గుతుంది. పైగా హార్సిలీ కొండల ఎత్తు సుమారు 1,265 మీటర్లు. అక్కడ గాలి పీడనం తక్కువ కనుక తెరిచిన గిన్నెలో నీళ్ళు 96 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే మరుగుతాయి!

రేడియేటరు మూత ఇక్కడే ఆదుకుంటుంది. అది ప్రెషర్ కుక్కర్ వెయిటు లాంటిది. లోపలి పీడనాన్ని పెంచి, అంత ఎత్తులో కూడా నీటిని 110 డిగ్రీలు దాటేదాకా మరగనివ్వదు. వేడిమీద ఆ మూత తీశారా, పీడనం ఒక్కసారిగా పడిపోయి నీరంతా భగ్గున మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. ఇంజను ఆపి, పూర్తిగా చల్లారేదాకా దాని జోలికి పోకూడదు. కాగిన ఇంజనులో చన్నీళ్ళు పోయడమూ తప్పే. వేడి గాజుగ్లాసు ఏమవుతుందో మీకు తెలుసుగా!

ఇక లోపం ఎక్కడుంది? బండి ఆగినప్పుడే వేడెక్కి, పరుగెత్తేటప్పుడు చల్లబడితే అనుమానం ఫ్యాను మీద. పాత అంబాసిడర్లలో ఫ్యానును ఇంజనే బెల్టుతో తిప్పేది. ఇప్పటి కార్లలో చాలావాటికి విద్యుత్ ఫ్యాను కనుక ఫ్యూజు, మోటారు చూడాలి. వేగంగా పోతున్నా వేడెక్కితే నీరు తగ్గిందేమో, పంపు పాడయిందేమో, రేడియేటరు పూడుకుందేమో చూడాలి. బయట పురుగులూ దుమ్మూ అడ్డుపడతాయి. లోపల ఉప్పునీటి బోరు చేసే పని ఇంకా చెడ్డది. నీళ్ళు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి పెచ్చే అక్కడా పట్టి వేడిని కదలనివ్వదు. అందుకే బట్టీనీటిలో కలిపిన కూలెంటు పోయాలంటారు. (కూలెంటు విషం, తియ్యగా ఉంటుంది కనుక పశువులకు అందకుండా ఉంచాలి.) నూనె మజ్జిగలా తెల్లబడితే మాత్రం నీరు నూనెలో కలుస్తున్నట్లే. సాధారణంగా అది హెడ్ గాస్కెట్ పని. ఇక బండి కదపకూడదు.

అన్నీ బాగున్నా వేడెక్కుతుంటే థర్మోస్టాటు చూడాలి. ఇంజను చల్లగా ఉన్నంతసేపు రేడియేటరుకు నీటిని పోనివ్వని చిన్న తలుపు ఇది. దీని లోపలి మైనం కరిగి వ్యాకోచిస్తే తలుపు తెరుచుకుంటుంది. దీన్ని పరీక్షించడం సులువు. విప్పి దారంతో కట్టి, నీళ్ళ గిన్నెలో వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి కాచాలి. చాలావాటి మీద 82 అనో 88 అనో ముద్రించి ఉంటుంది. ఆ డిగ్రీల దగ్గర తలుపు కదలడం మొదలవ్వాలి. నీళ్ళు మరిగినా కదలలేదంటే, దొంగ దొరికినట్లే.